బొంతల పక్కన ఎవరూ వద్దన్నాను

"వదినె, జర నా మొఖం జూడుండ్రి. సగం డబ్బా ఖాళీగనే వోతుంది గదా. ఆ మూల నాకియ్యుండ్రి."

"మూల గావాల్నా నీకు? ఇగో, పట్టు. నీ మూల గిదే."

నా మరిదికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మా ఆయనకు సొంత తమ్ముడు. ఎదురిల్లే. పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే ఆయన అరుగు మీద పళ్ళు తోముకుంటూ కనిపిస్తాడు. నేను చీపురు ఆపను, ఆయన తల ఎత్తడు. ఇట్లాగే చచ్చేదాకా గడిచినా నాకు బాధ లేదు.

ఇది రాస్తున్నది ఆ మరిది కోడలే. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు. నేను నోటితో చెబుతుంటే ఆ పిల్ల తన పుస్తకాల తెలుగులో పెట్టుకుంటూ పోతోంది. మామ చేసింది కోడలి చేత రాయిస్తున్నానని మీరు అనుకోవచ్చు. అవును, కావాలనే రాయిస్తున్నాను.

మాది దూదేకుల ఇల్లు. మా మామ తన కాలంలో దూది ఏకే విల్లు భుజాన వేసుకొని మెదక్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పరుపులు కుట్టేవాడు. మా ఆయన కాలానికి దూది ఏకే మిషను వచ్చింది. విల్లు పోయినా ఇంటి కట్టుబాటు పోలేదు. దూది ఉన్న ఇంట్లో ఎండు చేపలు వండకూడదు. మిరపకాయల తాలింపు పెట్టాలన్నా దూది గది తలుపు మూసి పెరట్లో పొయ్యి రాజేయాలి. దూది వాసనను లోపలికి లాక్కుంటుంది. ఒకసారి లాక్కున్నదంటే నువ్వు ఉతుకు, ఎండేయి, అత్తరు చల్లు, వదిలిపెట్టదు.

నేను పుట్టింది రేగోడ్ దిక్కు. సంత నుంచి ఎండు చేపలు రాని వారం మా ఇంట్లో లేదు. పెళ్ళయి ఈ గడప తొక్కిన పొద్దు మా అత్త నన్ను అడిగిన మొదటి మాట, "చేపలు ఇడిసిపెడ్తవా పిల్లా?" అని. విడిచిపెట్టాను. నోరు ఊరినా విడిచిపెట్టాను. మరిది అదే ఇంట్లో పుట్టి పెరిగాడు. చిన్నప్పుడు ఎవరో ఇచ్చిన కాల్చిన ఎండు చేప జేబులో పెట్టుకొని దూది గదిలోకి వచ్చినందుకు, వాళ్ళమ్మ ఆయన చొక్కా విప్పించి సాయంత్రం దాకా పెరట్లో నిలబెట్టిందట. ఈ కథ మా ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళం. ఇది గుర్తుపెట్టుకోండి.

రజాయిలు, పరుపులతో పాటు మేము పాత చీరల బొంతలు కుట్టేవాళ్ళం. చీరలను సోడా వేసి ఉడకబెట్టి, కుంకుడు రసంలో ఉతికి, మూడెండలు చూపించి, నడుమ పల్చగా దూది పరిచి సన్నగా కుడతాం. పెద్ద చర్చి కాంపౌండులో ఉండే రిటైరైన టీచరమ్మ మా దగ్గర ఒకటి కుట్టించుకుంది. ఒక చలికాలం పొద్దున ఆమె దాన్ని వరండాలో ఆరేసి ఉంటే, చర్చి చూడటానికి వచ్చిన ఒక దొరసాని చేత్తో తడిమి, ఇది ఎవరు కుట్టారని అడిగింది. వాళ్ళ దేశంలో ఆమెకు దుప్పట్ల దుకాణం ఉంది. టీచరమ్మ నడుమ ఉండి మాట కుదిర్చింది. గల్లీలోని ఆడవాళ్ళందరం కూర్చున్నాం. సూదులు గుచ్చుకొని వేళ్ళు కాయలు కాశాయి.

సరుకు ఓడ ఎక్కించే పని మరిదిది. బస్టాండు రోడ్డులో అద్దాల ఆఫీసు పెట్టుకొని, చుట్టుపక్కల మండలాల నుంచి పసుపు, చింతపండు, పచ్చళ్ళు, అప్పడాలు కొద్దికొద్దిగా పోగుచేసి, హైదరాబాద్ డిపోలో అన్నీ ఒకే కంటైనర్లో సర్దించి పంపిస్తాడు. ఎవరి సరుకు ఎంత చోటు తింటే వాళ్ళు అంత కట్టాలి. పక్కన ఏముందో పంపినవాళ్ళకు తెలియదు.

"గిన్ని బొంతలకు పూరా డబ్బా ఎందుకన్నా? నలుగురి సామాన్లతోని ఓ మూలకు పెడ్త. మూల చాలు," అన్నాడు.

మా ఆయన ఒక్కటే అడిగాడు. "పక్కపొంటి ఏం వెడ్తవ్ రా?"

"పసుపు కొమ్ములు. అమ్మ తోడు."

చచ్చిపోయిన తల్లి మీద ఒట్టు. మా ఆయన ఇంకేం అడుగుతాడు?

ఎండలు ముదిరాక టీచరమ్మ ఒక పార్శిల్ చంకలో పెట్టుకొని వచ్చింది. మొహం చిన్నబుచ్చుకొని ఉంది. బొంతలన్నీ కంపు కొడుతున్నాయని, ఒక్కటీ అమ్మలేనని, మీరే చూడండని దొరసాని ఒక బొంతను తిప్పి పంపింది. మా ఆయన ప్లాస్టిక్ కవరు చింపి, బొంతలో మొహం పెట్టి చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తల ఎత్తి, "ఎండు చేపలు," అన్నాడు. నేను వాసన చూశాను. పుట్టింటి వాసన. నన్ను ఎవరూ మోసం చేయలేని వాసన అది ఒక్కటే.

అదే చేత్తో బొంత పట్టుకొని ఎదురింటికి పోయాం. మరిది కుర్చీలోంచి లేవలేదు.

"సముద్రం మీద వోయిన సామాను అన్నా. నీళ్ళల్ల చేపలుండయా మరి?" అని నవ్వాడు.

"డబ్బాల ఏం వెట్టినవో చెప్పు."

"పసుపు వెట్టిన. నీ బొంతలల్ల ఏమున్నదో నువ్వు జూస్కో."

అక్కడితో ఊరుకుంటే కూడా నేను ఈ కథ చెప్పేదాన్ని కాదు. ఆయన ఆఫీసుకు ఎదురుగా చాయ్ హోటల్ ఉంది. మార్కెట్ అంతా అక్కడే కూర్చుంటుంది. ఎవరైనా బొంతల సంగతి అడిగితే ఇట్లా చెప్పడం మొదలుపెట్టాడు: "యాడయాడియో పాత చీరెలు తెస్తరు. ఉతుకుతరో లేదో అల్లాకే ఎర్క. పైంగ అమ్మేముందు ఓ రాత్రి మా అన్న కప్పుకొని పంటడు. నమ్మకుంటే అడుగుండ్రి. ఇగ కంపు కొట్టదా?"

కప్పుకొని పడుకోవడం నిజమే. అది మా మామ నేర్పిన పరీక్ష. దూది ఎక్కడైనా గడ్డకట్టిందా, కుట్టు ఎక్కడైనా ఒంటికి గుచ్చుకుంటుందా అని, గడప దాటే ముందు ప్రతి బొంతా మా ఆయన ఒంటి మీద ఒక రాత్రి ఉండాలి. దానికోసం స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకొని, నమాజుకు పోయినట్టే పోయి పడుకునేవాడు. ఆ మాట ఇంట్లో పుట్టినవాడికి తప్ప బయటివాడికి తెలియదు. పరాయివాడైతే అబద్ధం చెప్పేవాడు. తమ్ముడు కాబట్టి నిజాన్నే మురికి చేసి చెప్పాడు.

ఆ రోజు నుంచి మా ఆయన ఏ బొంతా కప్పుకోలేదు. చలి కొరుకుతున్నా తువ్వాల కప్పుకొని ముడుచుకునేవాడు. "కప్పుకో," అంటే, "కంపైతది," అనేవాడు. తిట్టుకునేవాడా, ఏడ్చేవాడా అంటే అదీ లేదు. దవాఖానలో డాక్టరు ఊపిరితిత్తుల నిండా దూది దుమ్ము ఉందన్నాడు. డాక్టరు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ దుమ్ముతో మనిషి అన్నేళ్ళు బతికాడు. ఆ మాటతో ఒక్క చలికాలం కూడా బతకలేదు.

జనాజాకు అందరికంటే ముందు భుజం పట్టింది మరిదే. అందరికంటే గట్టిగా ఏడ్చిందీ ఆయనే. నేను ఇద్దత్ లో కూర్చున్నాను. మొగుడు పోయిన ఆడది ఆ నెలలు గడప దాటకూడదు. నేను లోపల, ఆయన నాలుక బయట. పెళ్ళి పరుపులు మాకే చెప్పే ఇళ్ళు వేరే చోట చెప్పుకున్నాయి. గోడ అవతల నుంచి మా ఇంటి గురించి మాటలు వినబడుతుంటే, నేను తస్బీ పూసలు జరుపుకుంటూ కూర్చున్నాను. అందరూ దువా చేస్తున్నాననుకున్నారు. నేను తయారవుతున్నాను.

ఇద్దత్ తీరాక మొదట టీచరమ్మ ఇంటికే పోయాను. దూది ఇంట్లో చేపలు వండని సంగతి, మా అత్త అడిగిన మాట, అన్నీ చెప్పి, "ఇవన్నీ ఆమెకు ఇంగ్లీషుల రాయుండ్రి టీచరమ్మ. పైసలు వాపసు గావాలంటలేను. ఇంకొక్కపాలి నా బొంతలు జూడుమనుండ్రి," అన్నాను. దొరసాని ఒప్పుకుంది. ఈసారి కంపు వస్తే ఇక మాట కూడా ఉండదని రాసింది.

సరుకు పంపించే హైదరాబాద్ ఆఫీసుకు టీచరమ్మే ఫోను కలిపి స్పీకర్ పెట్టింది. అవతల ఎవరో ఆడపిల్ల.

"అమ్మా, మీ సామానుతోని డబ్బా నిండది. షేరింగుల అయితే తక్కువల పోతది గదా."

"షేరింగు వద్దు బిడ్డా. పూరా డబ్బా తీసుకుంటే పక్కన ఎవ్వరుండరా?"

"ఎవ్వరుండరు. డబ్బా మీ దగ్గరికే వస్తది. మీరే నింపుకోవాలె. మీ ముంగటనే సీలేస్తరు. అక్కడ ఆమెనే తెంపుతది."

"నడుమల ఎవ్వలన్న తెరుస్తరా?"

"కస్టమ్స్ వాళ్ళు అనుమానమొచ్చి తెరిస్తే తెరుస్తరు. మళ్ళ కొత్త సీలేస్తరు, కాయితం ఇస్తరు. ఇంకెవ్వరు చెయ్యి వెట్టరు. కానీ నిండకున్నా పూరా డబ్బా కిరాయి కట్టాలె అమ్మా. ఆలోచన చేసుకోండ్రి."

ఆలోచించేది ఏమీ లేదు. బొంతలు బరువుండవు కానీ చోటు తింటాయి. మూల అయినా చోటు లెక్కనే కట్టాలి కాబట్టి, మూలకూ పూర్తి డబ్బాకూ మధ్య తేడా నేను భయపడినంత లేదు. ఆ తేడా కూడా నా బంగారు గాజులు భరించాయి. మొగుడు లేని చేతికి గాజులు ఎందుకని అప్పటికే నలుగురు అడిగారు కదా.

ఇక మరిది సంగతి. నాకు మళ్ళీ ఆర్డరు వచ్చిందని తెలిసి, టేపు పట్టుకొని నవ్వుకుంటూ వచ్చాడు.

"అయ్యిందేదో అయ్యింది వదినె. మనం మనం ఒక్కటి. ఈపాలి నీ బొంతల పక్కన పురుగును గూడ రానియ్య."

మూటల పొడవు, వెడల్పు, ఎత్తు కొలుచుకున్నాడు. నేను సరే అనలేదు. కాదనీ అనలేదు. చాయ్ పోసి ఇచ్చాను. ఆయన చాయ్ ఊదుకుంటూ తాగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

నాలుగు రోజులకు ఇప్పుడు రాస్తున్న ఈ పిల్ల సూది పట్టుకొని కుట్టడానికి వచ్చి, తల వంచుకొనే చెప్పింది. "పెద్దత్తమ్మా, మామ నీ మూటలనే నమ్ముకున్నడు. గవి వెడితేనే ఆయన డబ్బా నిండుతదట. నిండకుంటే కదలదట. అందరికీ ఓడ దినం గూడ చెప్పిండు."

"నువ్వేమన్న చెప్పినవా?"

"నేనేం జెప్త? నన్నెవరడిగిండ్రు?"

ఇద్దరం కుట్టుకున్నాం. ఆ మధ్యాహ్నం నా కుట్టు ఎంత సన్నగా వచ్చిందో చెప్పలేను. ఆయన నాలుగు మండలాల వాళ్ళకు మాట ఇచ్చుకుంటున్నాడు, ఇచ్చుకోనీ అనుకున్నాను. ఎంత ఎక్కువ మందికి ఇస్తే నాకు అంత మంచిది.

కంటైనర్ లారీ మా గల్లీలోకి పట్టదు. రోడ్డు మీదే ఆగింది. మొదట వచ్చిన దాని తలుపులు తెరిపించి, లోపలికి ఎక్కి, తలుపులు మూయమన్నాను. చీకట్లో నేలకు ముక్కు ఆనించి మూలమూలా వాసన చూశాను. ఉల్లిగడ్డ.

"ఇది వద్దు. వాపసు తీస్కపో."

"ఇనుప డబ్బా అవ్వా. అత్తరు వాసనొస్తదా దీంట్ల?" అన్నాడు డ్రైవరు.

"ఏ వాసన రావద్దు. పో."

టీచరమ్మ ఫోనులో గట్టిగా మాట్లాడాక మరునాడు ఇంకొకటి వచ్చింది. మళ్ళీ ఎక్కాను. మళ్ళీ చీకట్లో కూర్చున్నాను. ఇనుము, కట్టె. ఇంకేమీ లేదు. ఎక్కడా వెలుతురు చుక్క కూడా కనబడలేదు, అంటే చిల్లు లేదు, నీళ్ళు దిగవు. ఆ చీకట్లో ఒక్క క్షణం మా ఆయన పక్కన కూర్చున్నట్టే అనిపించింది. "మంచిగున్నదా?" అని అడిగాను. తర్వాత తలుపు కొట్టి తెరవమన్నాను.

గల్లీ ఆడవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకొని వరుసగా నడిచారు. రోడ్డు మీద బండ్లు, ఆటోలు ఆగిపోయాయి. మూటలన్నీ సర్దాక కూడా తలుపు వైపు మంచి చోటే మిగిలింది. కదలకుండా తాళ్ళతో బిగించి కట్టాం. అప్పటికి మార్కెట్లో తెలిసిపోయింది. మరిది రాకముందే ఆయన దగ్గర సరుకు పెట్టిన వాళ్ళు వచ్చారు. రేగోడ్ నుంచి పసుపు ఆయన, నిజాంపేట నుంచి ఇంకొకాయన. వెనకనే చెమటలు కక్కుకుంటూ మరిది.

"వదినె, ఇదేంది? నా డబ్బాల పెడ్తనన్నవు గదా!"

"ఎప్పుడన్న? చాయ్ తాగుమన్న. గంతే."

పసుపు ఆయన చేతులు జోడించాడు. "అమ్మా, ఆయన డబ్బా కదులతలేదట. మా సామాను డిపోలనే ఉన్నది. నీ దాంట్ల జాగ ఉన్నది గదా, జర పెట్టుకోరాదు?"

నాకు ఆశ పుట్టలేదని చెప్పను. మరిది మనుషులను ఆయన కళ్ళ ముందే గుంజుకుంటే ఎంత బాగుండేది. కానీ వాళ్ళది పెట్టుకుంటే నేను కూడా ఆయన చేసిన పనే చేసినట్టు. ఆ చోటు గాలికైనా ఇస్తాను కానీ ఇంకొకరి సరుకుకు ఇవ్వనన్నాను.

అప్పుడు నిజాంపేట ఆయన ముందుకొచ్చాడు. పాపం, మంచిగానే అడిగాడు. "ఏం గాదమ్మా. పోయినపాలి గూడ మన సామాను ఒక్కతాననే పోయింది గదా. నీ బొంతల మూటల మీదనే మా సంచులు వెట్టిండ్రు. నేను సొంతంగ డిపోల నిలవడి చూసిన. ఏమన్న అయ్యిందా?"

"ఏం సంచులు?"

"ఎండు చేపలు."

చాయ్ హోటల్ ఆయన గ్లాసులు పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. నేను మరిది వైపు చూశాను. ఆయన లారీ టైర్ల వైపు చూశాడు.

నేను ఇంట్లోకి పోయి, తిరిగొచ్చిన ఆ బొంతను తెచ్చాను. మా ఆయన పోయిన నాటి నుంచి ప్లాస్టిక్ లో చుట్టి, ట్రంకులో అడుగున దాచాను. దానికి ఒక పని ఉందని నాకు తెలుసు. నేను వచ్చేసరికి మరిది చేతులు నలుపుకుంటున్నాడు. జీవితంలో ఎప్పుడూ నన్ను 'ఇయ్యుండ్రి' అనలేదు. ఆ పొద్దు అన్నాడు. మొదట్లో నేను చెప్పిన మాటలు అప్పటివే. నేను కవరు చింపి బొంతను ఆయన చేతుల్లో పెట్టాను. కంపు గుప్పున లేచింది. జనం ఒక అడుగు వెనక్కి జరిగారు. ఆయన దాన్ని కింద పడేయలేడు, పట్టుకొని నిలబడలేడు. అట్లా ఆయన అవస్థ పడుతుంటేనే తలుపులు మూయించాను. ఇనుప బోల్టు సీలు వేశారు. తెంపితే తప్ప రానంత గట్టిగా ఉందో లేదో నా చేత్తో లాగి చూసుకున్నాను.

లారీ మలుపు తిరిగాక ఇంటికొచ్చాను. ఇంట్లో ఒక్క మూట లేదు. దూది గది ఊడ్చి కడిగాను. నేను ఈ ఇంటికి వచ్చాక ఆ గదిలో దూది పోగు లేని పొద్దు అదే మొదలు. బజారుకు పోయి ఎండు చేపలు తెచ్చాను. పెరట్లో కాదు, వీధి వాకిట్లో పొయ్యి పెట్టాను. నూనె కాగాక వేశాను. పొగ నేరుగా ఎదురింట్లోకి పోయింది.

ఈ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. "పెద్దత్తమ్మా, మామ కిటికీలన్నీ మూస్తుండు!"

"మూయనీ. నువ్వు తింటవా?"

తిన్నది. ఇద్దరం చేతులు నాక్కుంటూ తిన్నాం.

సరుకు చేరిన రోజు దొరసాని వీడియోలో కనబడింది. నేను చాయ్ హోటల్ మెట్ల మీద నిలబడ్డాను. ఆడవాళ్ళు అక్కడ ఆగరు, నేను ఆగాను. టీచరమ్మ ఫోను ఎత్తి పట్టుకుంది. దొరసాని సీలు తెంపించి, ఒక బొంత లాగి మొహం అందులో పెట్టుకుంది. మా ఆయన పెట్టుకున్నట్టే పెట్టుకుంది. తల ఎత్తి ఏదో అన్నది. "ఎండ వాసనొస్తుందట," అన్నది టీచరమ్మ. హోటల్ ఆయన గట్టిగా, మార్కెట్ అంతా వినేటట్టు ఆ మాట మళ్ళీ అన్నాడు. రోడ్డు అవతల అద్దాల ఆఫీసు షట్టరు సగం దాకా దిగింది. దించింది ఎవరో నేను చూడలేదు. చూడాల్సిన పని లేదు.

సరుకు ఆగిపోయిన వాళ్ళు ఇప్పుడు ఆయన దగ్గరికి పోవడం లేదు. పోవాలని నేను చెప్పను. మొన్న ఆయనకు జ్వరం వస్తే ఈ పిల్ల, "ఒక్కపాలి వచ్చి పలుకరియ్యి పెద్దత్తమ్మా," అన్నది. పోలేదు. మా ఆయన చలికి వణికినప్పుడు ఎవరొచ్చారు?

నిన్న కొత్త దూది వచ్చింది. చేపల మూకుడు మసితో సహా తోమి గోడకు వేలాడదీశాను. మళ్ళీ ఎప్పుడు దించుతానో దొరసాని ఆర్డరును బట్టి ఉంటుంది. మొదటి మూట బొంతలు రేపు తయారవుతాయి. కప్పుకొని పడుకొని చూడటానికి మా ఆయన లేడు. నేనే స్నానం చేసి పడుకుంటాను. మాట్లాడే వాళ్ళు మాట్లాడుకోండి.

అయిపోయింది బిడ్డా. పెన్ను పెట్టు. మీ మామ అని ఎక్కడా మెత్తగా రాయలేదు కదా? ఆయన తల్లి మీద పెట్టిన ఒట్టు రాశావా? హోటల్లో అన్న మాట, కప్పుకొని పంటడన్న మాట, పూర్తిగా రాశావా, సిగ్గుపడి సగంలో ఆపావా? నాకు చదువు రాదు కానీ చెవులున్నాయి. మొదటి నుంచి చదువు. తలుపు తెరిచి పెట్టి, ఎదురింటికి వినబడేటట్టు చదువు.